కిటికీ దూకింది ఎవరి చెయ్యి

తైపే,
మార్చి 6

కున్‌షెంగ్ అన్నయ్య గారికి,

మీరు ఫోన్ ఎత్తరు. ఎత్తినా రెండో మాటకే పెట్టేస్తారు. కాగితాన్ని మధ్యలో పెట్టెయ్యడం కష్టం కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

మన చేతితొడుగు బొమ్మలాటలోని చింకిగొడుగు వీరుడి మీద మా స్టూడియో యానిమేషన్ సీరియల్ తీస్తున్న సంగతి మీకు తెలుసు, ఒప్పందం మీద సంతకం పెట్టింది మీరే. అందులో నా పని కెమెరాలు అమర్చడం. ఒక బల్ల, దాని చుట్టూ ఎనిమిది కెమెరాలు, మధ్యలో మీ చేతులు. ఒక్కో చేతిలో ఇరవై ఒక్క చుక్కల్ని కంప్యూటర్ గుర్తుపడుతుంది. మణికట్టు దగ్గర ఒకటి, వేలికి నాలుగేసి. ఆ చుక్కలు ఎలా కదిలితే తెరమీద వీరుడు అలా కదులుతాడు. చేతికి తొడిగేది, అతికించేది ఏమీ ఉండదు. కానీ బొమ్మకి బట్టలు వేస్తే లోపలి చెయ్యి కెమెరాకి కనపడదు. అందుకని కొయ్య తలకీ, చేతులకీ, కాళ్ళకీ గుడ్డ బదులు నాలుగు దారాలు కట్టి ఆడించాలి.

దర్శకుడు పాన్ అడుగుతున్నది ఒక్కటే, 1995 పోటీలో మన మేళానికి బంగారు పతకం తెచ్చిన కిటికీ దూకుడు. వీరుడు కుడిచేతి మీంచి ఎగిరి, కిటికీలోంచి బయటికి దూకి, గాలిలో మూడు మొగ్గలు వేసి, ఎడమ చూపుడువేలి మీద దిగి గొడుగు విప్పుతాడు. ప్రశంసాపత్రం మీద మీ పేరే ఉంది. ఆ దూకుడు మీ చేత్తో కెమెరా ముందు వస్తే సీరియల్లో 'చేతులు' అన్నచోట మీ పేరు వేస్తారు. రాకపోతే ఎవరి చెయ్యో వెతుక్కుని వాళ్ళ పేరు వేస్తారు.

ఏప్రిల్ నెలాఖరుకి రాగలరా?

జోంగ్ బిహే

* * *

సీలో,
ఏప్రిల్ 2

బిహే,

'మీరు' ఎప్పట్నించి? నీ ముక్కు తుడిచిన చెయ్యి ఇది. మీ నాన్న దగ్గర నేను శిష్యుడిగా చేరేనాటికి నువ్వు బొమ్మల పెట్టెలో పడుకుని వేలు చీకేదానివి. ఇప్పుడు 'గారు' తగిలించి ఉత్తరం రాస్తున్నావు, బ్యాంకు నోటీసులాగా.

వస్తాను. కానీ ముందు మీ పాన్‌కి మా ఇంటి లెక్క చెప్పు. వీరుణ్ణి ఆడించేవాడు మొదటి చెయ్యి. పక్కన నుంచుని, తన్నులు తినే బొమ్మల్నీ దీపాలు మోసే బొమ్మల్నీ ఆడించేవాడు రెండో చెయ్యి. నేను ముప్పై ఏళ్ళుగా మొదటి చెయ్యిని. ఇలా రా, అలా తిప్పు అని చెప్పించుకునే అలవాటు నాకు లేదు.

మొన్న మాజు అమ్మవారి పండక్కి ఆడాం. చూడ్డానికి అమ్మవారు, ఇద్దరు ముసలాళ్ళు, ఒక కుక్క. ముసలాళ్ళు సగంలో లేచిపోయారు. కుక్క మాత్రం మర్యాదస్తురాలు, చివరిదాకా కూర్చుంది. పక్క వీధిలో ట్రక్కు మీద అమ్మాయి పాటలు పాడుతోంది, ఊరంతా అక్కడే. అందుకే వస్తున్నాను, నీ మీద ప్రేమతో కాదు.

వచ్చేటప్పుడు మన ఊరి నల్ల సోయా సీసా తెస్తాను. అక్కడ మీరు వాడేది సోయా కాదు, రంగునీళ్ళు.

లియావ్ కున్‌షెంగ్
మొదటి చెయ్యి, తెల్లకొంగ బొమ్మల మేళం

* * *

తైపే,
మే 5

అన్నయ్య గారికి,

సోయా బాగుంది. మిగతా మూడు రోజుల గురించి చెప్పాలి.

ఆట మొదలుపెట్టే ముందు రంగస్థలం దేవుడికి ధూపం వెయ్యాలని నాకూ తెలుసు. ఆ ఇంట్లోనే పుట్టాను. కానీ కిటికీలు లేని గదిలో, ఎనిమిది కెమెరాల మధ్య, ఒక్క అగరువత్తి కాదు, కట్ట మొత్తం వెలిగించారు. అలారం మోగి ఏడంతస్తుల వాళ్ళూ మెట్లు దిగి వీధిలో నిలబడ్డారు. పొగ పోయేదాకా ఒక పూట పోయింది. తరవాత చేతులకి కర్పూరతైలం రాసుకున్నారు. మెరిసే చేతుల మీద లైటు పడితే కంప్యూటర్‌కి వేళ్ళు కనపడవని చెప్తే, "తైలం రాయని చేత్తో నేను అన్నం కూడా తినను" అన్నారు. ఇంకో పూట పోయింది.

తప్పు నాదీ ఉంది. కెమెరాలన్నీ బల్ల ఎత్తుకి బిగించాను. మీరు వచ్చి అలవాటుగా చేతులు తలమీదికి ఎత్తారు, ఎనిమిది కెమెరాలకీ మీ బనియను కనపడింది. అందరి ముందూ మీరు అన్న మాట నాకు గుర్తుంది. "జోంగ్ మాస్టారి కూతురికి బొమ్మలాటలో చేతులు ఎక్కడుంటాయో తెలీదట, నడుం దగ్గర వెతుకుతోంది." నవ్వారు అందరూ. కెమెరాలు పైకి బిగించి, గళ్ళ పలకని గదంతా తిప్పి, ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయో కంప్యూటర్‌కి మళ్ళీ నేర్పేసరికి సాయంత్రమైంది.

సరే. వీరుడి నడక వచ్చింది, కత్తి దూయడం వచ్చింది, తాగి తూలడం అద్భుతంగా వచ్చింది. కిటికీ దూకుడు రాలేదు. మీరు రెండు మొగ్గలు వేయించి ఆపేశారు. పన్నెండుసార్లు చేశారు, పన్నెండుసార్లూ రెండే. కావలసింది మూడు.

జూన్ 20న మళ్ళీ గది తీసుకున్నాను. రండి.

బిహే

* * *

సీలో,
జూన్ 14

బిహే,

రాను.

మీ గదిలో దూకుడు రాదు. కారణాలు కావాలా, రాసుకో. మీ లైట్లకి చెయ్యి చెమట పట్టి కొయ్య జారుతుంది. దారాలు కట్టిన బొమ్మకి గాలి పట్టదు. గుడ్డ గాలి తింటేనే బొమ్మ తిరుగుతుంది, అది మీ కంప్యూటర్‌కి తెలీదు, నీకు తెలియాలి. వీరుణ్ణి బట్టల్లేకుండా నిలబెట్టి ఎనిమిది వైపుల నుంచీ చూస్తారా? గుళ్ళో దేవుడి ముందు నిలబడే బొమ్మ అది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

రెండు మొగ్గలు చాలవా? మాస్టారు జీవితమంతా రెండే వేయించారు. మూడోది మీ కంప్యూటర్‌లో మీరే కలుపుకోండి, అన్నీ మీరే చేస్తున్నారు కదా.

పైగా పంచాంగం ప్రకారం ఏడో నెల దగ్గర పడుతోంది. ప్రేతాలకి ఆటలు పెట్టే నెల, రోజుకో గుడి. మేళంలో ముగ్గురం మిగిలాం. నీకు గది తీసుకోవడం తేలిక, తాళం వేసి ఇంటికి పోతావు. మేం ఎక్కడికి పోతాం?

నన్ను మళ్ళీ అడగొద్దు.

లియావ్ కున్‌షెంగ్
మొదటి చెయ్యి

* * *

తైపే,
జూన్ 22

లియావ్ కున్‌షెంగ్‌కి,

ఇరవైన గది ఖాళీగా ఉంది. నేను ఒక్కదాన్నే కూర్చున్నాను. కెమెరాలు ఎనిమిదీ వెలుగుతూనే ఉన్నాయి.

ఇక 'మీరు' లేదు. లైటు తప్పు, దారం తప్పు, గాలి తప్పు. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నట్టుంది. నిజం చెప్పడానికి నీకు ఎన్ని కెమెరాలు కావాలి?

నాకు తెలుసు నీకు ఆ దూకుడు రాదని. మొదటి ఉత్తరం రాసిన రోజే తెలుసు. 1995లో పోటీ రోజు పొద్దున్న ట్రక్కులోంచి పెట్టె దించుతూ నాన్న మణికట్టు బెణికించుకున్నాడు. వీరుణ్ణి ఎవరు ఆడించారు? నువ్వు కాదు. నువ్వు పక్కన నుంచుని దీపం మోసే న్యాయాధికారి బొమ్మని పట్టుకున్నావు. పంతొమ్మిదేళ్ళ నేను, ఎడమచేతి వాటం అని నాన్న చేత రోజూ మొట్టికాయలు తిన్న నేను, ఆ ఎడమచేత్తోనే దూకిన వీరుణ్ణి పట్టాను. నాన్నవి రెండు మొగ్గలు. మూడోది నాది. అది నేను రాత్రింబవళ్ళు సాధన చేసి తెచ్చుకున్నది కూడా కాదు, ఆ క్షణాన చెయ్యి ఇంకా ఖాళీగా ఉందనిపించి ఇంకో తిప్పు తిప్పాను.

చెక్క అడ్డు ముందు కూర్చున్న న్యాయనిర్ణేతలకి బొమ్మే కనపడుతుంది, వెనక చెయ్యి ఎవరిదో కనపడదు. బహుమతుల రోజు నాన్న వేదిక ఎక్కి, "మా మొదటి చెయ్యి, లియావ్ కున్‌షెంగ్" అన్నాడు. నువ్వు వెళ్ళి వంగి నమస్కారం పెట్టి పతకం తీసుకున్నావు. నేను వెనకాల బొమ్మల బట్టలు మడత పెడుతున్నాను. చప్పట్లు అక్కడికీ వినపడ్డాయి.

అవును, ఇది ఉచ్చే. ఎనిమిది కెమెరాల మధ్య, చెక్క అడ్డు లేని చోట నీ చెయ్యి పెట్టించాలని ఇరవై ఎనిమిదేళ్ళు ఎదురుచూశాను. పెట్టావు. రెండు మొగ్గలు.

బిహే

* * *

సీలో,
జులై 3

బిహే,

ఉచ్చు బాగా పన్నావు. మాస్టారి కూతురివి అనిపించావు, ఆయన కూడా మొహాన తిట్టేవాడు కాదు, పని చెప్పి సిగ్గు తీసేవాడు.

నా మీద విరుచుకుపడ్డావు, పడు. కానీ ఆ రోజు నోరు మూసుకున్నది నేనొక్కణ్ణేనా? నువ్వు నోరు తెరిచి ఉంటే నేను కాదనేవాణ్ణా? ఏమో, కాదనేవాణ్ణేమో. నాకు ముప్పై ఒకటి, పెళ్ళికి సంబంధాలు చూస్తున్నారు, పతకం మెళ్ళో వేస్తే తీసెయ్యబుద్ధి కాలేదు. ఇది నిజం, రాసేశాను.

మాస్టారు వేదిక ఎక్కేముందు నన్ను పక్కకి పిలిచి చెప్పింది ఇది. "ఆడపిల్ల చేత్తో ఆడిన ఆట దేవుడి ముందు పెట్టం అని రేపు గుడిపెద్దలు అంటే పన్నెండుమంది మేళం పస్తుంటుంది. పేరు నువ్వు తీసుకో. నా బొందిలో ప్రాణం ఉండగా గానీ పోయాక గానీ ఈ మాట బయటికి రాకూడదు." చెయ్యి చేతిలో వేయించుకున్నాడు. నీకు చెప్పాడా? చెప్పలేదు కదా. నీకు చెప్పలేని పిరికితనం ఆయనది, నాది కాదు. నువ్వు రెండేళ్ళకి పెట్టె సర్దుకుని తైపే వెళ్ళిపోతే "పొగరు" అన్నాడు. నేను తల ఊపాను.

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఏ ఊరు వెళ్ళినా మూడు మొగ్గలు అడిగేవాళ్ళు. మోకాలు నొప్పి అన్నాను, స్టేజీ చిన్నది అన్నాను, గాలి ఎక్కువ అన్నాను. నీకు రాసిన కారణాలు కొత్తవి అనుకున్నావా? బాగా అరిగినవి.

నీ చెయ్యి, నీ దూకుడు, నీ కెమెరాలు. మరి నువ్వే చెయ్యి. నన్నెందుకు లాగుతావు?

లియావ్

* * *

తైపే,
జులై 19

అన్నయ్యా,

చేశాను. అందరూ వెళ్ళాక కాదు, పాన్ ముందే, పట్టపగలే. "ఈ దూకుడు నాది" అన్నాను. ఆయన నవ్వలేదు, "చూపించు" అన్నాడు అంతే.

ఉంగరం తీశాను, గడియారం తీశాను. బొమ్మ తల కుడి చూపుడువేలికి తగిలించాను, బొటనవేలు దాని ఒక చేతిలో, మిగతా మూడు వేళ్ళు ఇంకో చేతిలో. అంతవరకూ చెయ్యి మరిచిపోలేదు. ఎగరేశాను. ఒక మొగ్గ. బొమ్మ నేలమీద.

నలభై సార్లు. ఒక్కసారి రెండు మొగ్గలు తిరిగింది, ఎడమ వేలికి తగిలి కిందపడింది. వీరుడి ముక్కు విరిగింది. ఈ మణికట్టు ఇన్నేళ్ళూ కీబోర్డు మీద వాల్చి పనిచేసిన మణికట్టు, పొద్దున్న టీకప్పు ఎత్తాలంటే పట్టీ కట్టుకోవాలి. కెమెరాలు ఎనిమిదీ దాన్ని శుభ్రంగా పట్టాయి. ఇరవై ఒక్క చుక్కలు వణుకుతూ.

పాన్ మర్యాదగానే చెప్పాడు. "మీ మాట అబద్ధమని అనను. కానీ నాకు మాట కాదు, చెయ్యి కావాలి. ఆగస్టు పదిహేను దాకా చూసి, లేకపోతే ఆ దూకుడు తీసేస్తాను."

నీ మీద ఉన్న కోపం ఇప్పుడు రెండింతలైంది. ఆ రోజు పేరు ఒక్కటే పోయిందనుకున్నాను. పేరు ఉంటే ఆడుతూ ఉండేదాన్ని. ఆడుతూ ఉంటే చెయ్యి ఉండేది. ఇప్పుడు నా దూకుడు నీ దగ్గరా లేదు, నా దగ్గరా లేదు. నాన్నా నువ్వూ కలిసి దాన్ని ఎక్కడ పూడ్చారో చెప్పండి.

బిహే

* * *

సీలో,
ఆగస్టు 1

బిహే,

పూడ్చిన చోటు చెప్తాను. ఈ ఉత్తరంతో పాటు పార్సెల్ వచ్చి ఉంటుంది. సోయా సీసా పక్కన, తువ్వాల్లో చుట్టిన పాత వీడియో క్యాసెట్టు. ముందు దాన్ని జాగ్రత్తగా తియ్యి, సీసా మూత కారుతుంది.

పోటీ రోజు మాస్టారి దూకుడు దొంగచాటుగా నేర్చుకుందామని మా బావమరిది కెమెరా అడిగి తెచ్చాను. స్టేజీ వెనక పెట్టె మీద పెట్టి నొక్కి వదిలేశాను. ఆయన చెయ్యి బెణికింది, ఆ హడావిడిలో కెమెరా సంగతే మరిచిపోయాను. మాస్టారి చెయ్యి కోసం పెట్టిన వలలో నీది పడింది. ముందువైపు కాదు, వెనకవైపు. ముంజేతుల నుంచి వేళ్ళ దాకా, మధ్యమధ్య నీ జడ.

ఎన్నిసార్లు చూశానో అడగకు. ఒక్కో ఫ్రేమూ ఆపి ఆపి చూశాను. ఎడమచేతికి రాదు నాకు, కుడిచేతి వాటం వాణ్ణి. నేర్చుకోలేకపోయాను, చెరిపెయ్యలేకపోయాను. నువ్వు ఎప్పుడైనా అడిగితే ఇద్దామనుకున్నాను. నువ్వు అడగవని తెలిసే అలా అనుకున్నాను.

పంపేముందు మాస్టారిని అడిగాను. పోయినాయన పేరు పలక ముందు, అవునో కాదో చెప్పే అర్ధచంద్రం కొయ్యలు వేశాను. మొదటిసారి రెండూ బోర్లా. వద్దన్నాడు. రెండోసారి వద్దన్నాడు. మూడోసారి కూడా వద్దన్నాడు. యాభై తొమ్మిదేళ్ళ వయసులో మొదటిసారి మాస్టారి మీద అరిచాను. "నీ మేళం పస్తులుండకూడదనే కదా, ఇప్పుడు మేళమే లేదు, ఎవరి కోసం దాచమంటావు?" అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నాలుగోసారి వెయ్యలేదు. పోస్టాఫీసుకి వెళ్ళాను.

దీంట్లోంచి చుక్కలు వస్తాయో రావో నాకు తెలీదు. ఒక్క కెమెరా, పాత టేపు. పదిహేను దాకా అన్నావు. త్వరగా చూడు.

లియావ్

* * *

తైపే,
ఆగస్టు 13

అన్నయ్యా,

సీసా కారింది. క్యాసెట్టుకి ఏమీ కాలేదు, కానీ మా గదంతా సోయా వాసన. తువ్వాలు పిండితే వారం రోజులు వండుకోవచ్చు.

ఒక్క కెమెరాతో చుక్కలు సరిగా రావు. పక్కనుంచి చూసే కన్ను లేకపోతే వేలు ముందుకు వచ్చిందో వెనక్కి పోయిందో కంప్యూటర్ ఊహించుకుంటుంది. కుడిచెయ్యి ఎడమచెయ్యి ఒకదాని మీంచి ఒకటి దాటినచోట రెండింటినీ తారుమారు చేసింది. సెకనుకి ముప్పై ఫ్రేములు, దూకుడు మొత్తం ముప్పై మూడు ఫ్రేములు. అందులో నాలుగింటిలో వేళ్ళు వట్టి మసక. ఆ నాలుగింటికీ చుక్కలు నేనే చేత్తో పెట్టాను. ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు. చెయ్యలేని చేతికి గుర్తు మాత్రం ఉంది.

నిన్న మధ్యాహ్నం తెరమీద చింకిగొడుగు వీరుడు కిటికీ దూకాడు. మూడు మొగ్గలు వేసి, దిగి, గొడుగు విప్పాడు. పాన్ కుర్చీలోంచి లేచాడు. నేను బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. కోపంతోనే ఏడ్చాను, సంతోషం అనుకోకు.

ఒక విషయం చెప్పాలి, చెప్పాలని లేదు. కంప్యూటర్ ఆ టేపులో రెండు చేతులు కాదు, నాలుగు పట్టుకుంది. మిగతా రెండూ నీవి. కిటికీ కింద నీ న్యాయాధికారి దీపం పట్టుకుని నిలబడ్డాడు. మూడో మొగ్గ వస్తుందని నీకు ముందు తెలీదు. నాకే తెలీదు. రెండు మొగ్గలకి దిగాల్సిన వీరుడు ఇంకా గాల్లోనే ఉంటే, ఇరవై నాలుగో ఫ్రేము దగ్గర నీ చెయ్యి ఆగింది. ఇరవై ఆరో ఫ్రేముకి న్యాయాధికారి తల వంచి పక్కకి తప్పుకున్నాడు. ఇంకొక్క ఫ్రేము ఆలస్యమైతే నా వీరుడు నీ దీపం మీద పడేవాడు. మూడో మొగ్గ ఉండేది కాదు, పతకం ఉండేది కాదు. ముందే చెప్పించుకున్న రెండో చేతులు చాలా చూశాను. చెప్పకుండా అలా తప్పుకున్న రెండో చేతిని చూడలేదు.

ఆ చెయ్యి వారం తిరక్కుండా వేదిక ఎక్కి నా పేరు మింగింది. అదే చెయ్యి. నాకు ఈ రెండూ కలిపి మింగుడుపడటం లేదు. క్షమించానని అనుకోకు.

న్యాయాధికారి కదలిక కూడా నీ చుక్కలతోనే వెళ్తుంది. 'చేతులు' అన్నచోట పేర్లు నేనే రాసి ఇచ్చాను. మొదటి చెయ్యి, జోంగ్ బిహే. రెండో చెయ్యి, లియావ్ కున్‌షెంగ్. అభ్యంతరం ఉంటే నాకు కాదు, పాన్‌కి రాయి.

బిహే

* * *

సీలో,
ఆగస్టు 24

బిహే,

నీ లెక్క తప్పు. వారం కాదు, బహుమతులు ఇచ్చింది నాలుగు రోజులకే. తిట్టేటప్పుడు కూడా లెక్క సరిగా ఉండాలి.

పాన్‌కి ఏమీ రాయలేదు. ప్రశంసాపత్రం గోడమీంచి తీశాను. వెనకాల గోడ తెల్లగా ఉంది, అంతమేర రంగు వెలవలేదు. మా ఆవిడ క్యాలెండర్ పెడదామంది. వద్దన్నాను, అలాగే ఉండనీ. వచ్చినవాళ్ళు ఇక్కడ ఏముండేది అని అడుగుతున్నారు. అడిగిన ప్రతివాడికీ చెప్తున్నాను. ఇప్పటికి పదకొండుమంది. సోయా కొట్టు ముసలాయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడోరోజు వచ్చి "ఆ పిల్లేనా, జడేసుకుని పెట్టెలు మోసేది" అన్నాడు. అవునన్నాను.

మాస్టారిని మళ్ళీ అడగలేదు. వద్దనే అంటాడు. ధూపం మాత్రం రోజూ వేస్తున్నాను, అది వేరే సంగతి.

క్షమించమని నేను అడగలేదు కాబట్టి నువ్వు క్షమించలేదని చెప్పక్కర్లేదు. కానీ ఆ ఇరవై నాలుగో ఫ్రేము సంగతి నాకు నువ్వు చెప్పేదాకా తెలీదు. ఇన్నేళ్ళూ ఆ టేపులో నీ చెయ్యే చూశాను, నాది ఎప్పుడూ చూడలేదు.

నెలాఖరున ప్రేతాల పండక్కి వంతెన అవతలి గుడి దగ్గర ఆట ఉంది. ముగ్గురమే కాబట్టి వీరుణ్ణి నేనే ఆడించాలి. రెండు మొగ్గలే వేయిస్తాను. మూడోది అడిగితే, అది నా చేతిది కాదు, తైపేలో ఉందని అడ్డు వెనకనుంచే గట్టిగా చెప్తాను.

సోయా ఇంకో సీసా పంపుతున్నాను. ఈసారి మూతకి మైనం పెట్టాను.

లియావ్ కున్‌షెంగ్
రెండో చెయ్యి, తెల్లకొంగ బొమ్మల మేళం